మూడు వందల కిలోమీటర్లు, ఒక్క ప్రశ్న

సెలవు రోజు పొద్దున్నే హైదరాబాద్ శివార్లలో శామీర్‌పేట దాటి రాజీవ్ రహదారి మీదో, మేడ్చల్ దాటి 44వ నంబరు జాతీయ రహదారి మీదో హెల్మెట్లు పెట్టుకుని వరుసగా సాగిపోయే సైకిళ్లు ఇప్పుడు ఎవరికీ వింత కాదు. తొక్కేవాళ్లలో కొందరి ఇళ్లలో పేర్లు మరిచిపోతున్న నాన్న ఉంటాడు, ఇంటి దారి గుర్తుపట్టలేని అమ్మమ్మ ఉంటుంది. ఎలాగూ తొక్కుతున్నాం కదా, ఈ జబ్బు మీద పరిశోధనకు నాలుగు డబ్బులు పోగయ్యేలా తొక్కకూడదా అన్న ఆలోచన అలాంటి ఇంట్లోనే పుడుతుంది.

ఆ ఆలోచనకు లెక్కలు కట్టి చూడటమే ఈ కథనం పని. జబ్బు ఎంతమందిని పట్టింది? హైదరాబాద్‌లో జరిగిన పరిశోధన ఏం తేల్చింది? ఎవరు ఎన్ని కిలోమీటర్లు తొక్కగలరు? ఎంత డబ్బు పోగవుతుంది, దానితో ఏ పని జరుగుతుంది? లెక్కలన్నీ వేసుకున్నాక ఒక మాట గట్టిగా చెప్పొచ్చు. ఇలా విరాళాల కోసం తొక్కే సైకిల్ సవాలు నిలబడాలంటే వచ్చే డబ్బు ఏ ప్రశ్నకు జవాబు వెతకడానికి పోతుందో దాతకు ముందే చెప్పగలగాలి. మిగతావన్నీ ఆ తర్వాతే.

వెయ్యి మందిలో 74

మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి డిమెన్షియా, అంటే ఈ మతిమరుపు జబ్బు ఉందని లాసీ-డ్యాడ్ అనే జాతీయ అధ్యయనం అంచనా వేసింది. తెలంగాణతో సహా 18 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో 4,096 మంది పెద్దవాళ్లకు జ్ఞాపకశక్తి, మాట, లెక్క, దిశాజ్ఞానం లాంటివి పరీక్షించి, ఇంట్లో వాళ్లతో మాట్లాడి తేల్చిన సంఖ్య ఇది. 2023లో అచ్చయిన ఈ అంచనా ప్రకారం దేశం మొత్తం మీద బాధితులు 88 లక్షల మంది. 2036 నాటికి ఆ సంఖ్య 1 కోటి 69 లక్షలకు చేరవచ్చు.

శాతాలు పక్కనబెట్టి మనుషుల్లో చెప్పుకుందాం. అరవై దాటిన వెయ్యి మందిని తీసుకుంటే 74 మందికి ఈ జబ్బు ఉంటుంది. ఆడవాళ్లే వెయ్యి మంది అయితే 90 మందికి, మగవాళ్లే అయితే 58 మందికి. పల్లెల్లో వెయ్యికి 84, పట్టణాల్లో 53. ప్రాంతాన్ని బట్టీ తేడా ఉంది: ఢిల్లీలో 4.5 శాతం ఉంటే జమ్మూకశ్మీర్‌లో 11 శాతం. మేడ్చల్, శామీర్‌పేట సగం ఊరు, సగం నగరం. పాత ఊళ్లో పొలం చేసినవాళ్లు ఒక పక్క, కొత్త కాలనీల్లో పిల్లల ఉద్యోగాల వెంట వచ్చినవాళ్లు ఇంకో పక్క ఉంటారు. దేశ సగటునే పట్టుకున్నా, రెండు వందల మంది వృద్ధులున్న కాలనీలో పదిహేను మంది దాకా బాధితులుంటారన్నమాట.

వాళ్లు మనకు కనపడరు, ఎందుకంటే ‘వయసు మీద పడింది, అంతే’ అనేసి ఊరుకుంటాం. వంట మధ్యలో తర్వాత ఏం వేయాలో తోచకపోవడం, పింఛను డబ్బు లెక్క పదే పదే తప్పడం, రోజూ వెళ్లే కిరాణా కొట్టు నుంచి ఇంటికి దారి తెలియకపోవడం వయసు తెచ్చే మామూలు మతిమరుపు కాదు. డాక్టరు చూడాల్సిన లక్షణాలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2021 నాటికి ప్రపంచంలో 5 కోట్ల 70 లక్షల మందికి డిమెన్షియా ఉంది. ఏటా దాదాపు కోటి మంది కొత్తగా చేరుతున్నారు. వందలో 60 నుంచి 70 కేసులకు కారణం అల్జీమర్స్. 2019లో డిమెన్షియా వల్ల ప్రపంచం మోసిన ఖర్చు 1.3 లక్షల కోట్ల డాలర్లు. అందులో దాదాపు సగం ఆసుపత్రి బిల్లు కాదు, ఇంట్లో వాళ్లు జీతం లేకుండా చేసే సేవకు కట్టిన విలువ. ఆ సేవా గంటల్లో 70 శాతం ఆడవాళ్లవి. మన ఇళ్లలో కోడలు, కూతురు, భార్య మోస్తున్న బరువే అంకెల్లోకి మారితే ఇలా ఉంటుంది.

648 మంది, నాలుగున్నరేళ్లు

డిమెన్షియా పరిశోధన అనగానే విదేశీ ల్యాబులు గుర్తొస్తాయి. కానీ ప్రపంచమంతా మాట్లాడుకున్న ఒక అధ్యయనం పంజాగుట్టలో జరిగింది. నిమ్స్ మెమరీ క్లినిక్‌కు 2006 నుంచి 2012 దాకా వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం పరిశీలించింది. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం నుంచి థామస్ బాక్, ఉస్మానియా నుంచి భాషాశాస్త్రవేత్త దుగ్గిరాల వసంత అందులో పాలుపంచుకున్నారు. 2013 నవంబరులో ‘న్యూరాలజీ’ పత్రికలో ఫలితాలు వచ్చాయి.

ఆ 648 మందిలో 391 మందికి రెండో భాష వచ్చు. ఒకే భాష తెలిసినవారికి జబ్బు లక్షణాలు సగటున 61.1 ఏళ్లకు మొదలైతే, రెండు అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారికి 65.6 ఏళ్లకు మొదలయ్యాయి. తేడా నాలుగున్నరేళ్లు. చదువు వల్ల వచ్చిన తేడానేమో అన్న అనుమానానికీ అక్కడే జవాబు దొరికింది. ఎందుకంటే ఆ రోగుల్లో 14 శాతం మంది బడి మొహం చూడనివాళ్లు. వాళ్లలోనూ రెండు భాషలు మాట్లాడేవారికి జబ్బు ఆరేళ్లు ఆలస్యంగా వచ్చింది.

ఈ ప్రశ్న హైదరాబాద్‌లో అడిగితేనే అంత స్పష్టంగా తేలింది. పాశ్చాత్య దేశాల్లో రెండు భాషలు తెలిసినవాళ్లు చాలావరకు వలస వచ్చినవాళ్లే, కాబట్టి ఫలితం వలసదా భాషదా అని విడదీయడం కష్టం. ఇక్కడ తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిపి మాట్లాడేవాళ్లు తరతరాలుగా ఇక్కడివాళ్లే. ఆటో తోలేవాడూ కూరగాయలమ్మే ఆవిడా రోజంతా రెండు మూడు భాషల్లో బతుకుతారు. ఈ ఊరి జీవితమే పరిశోధనకు దొరికిన వనరు.

తర్వాత వేరే దేశాల్లో జరిగిన అధ్యయనాలన్నీ ఈ ఫలితంతో ఏకీభవించలేదు. క్లినిక్‌కు వచ్చినవాళ్లను చూసి చెప్పడం వేరు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లను ఏళ్ల తరబడి గమనించి చెప్పడం వేరు. రెండో పని ఖరీదైనది, ఓపిక కావలసినది. మన డబ్బు అవసరం అక్కడే ఎక్కువ.

10,000 మంది వెంట ఏళ్ల తరబడి

ఆ రెండో రకం పని మన పొరుగునే సాగుతోంది. కర్ణాటకలోని కోలారు జిల్లా శ్రీనివాసపురం తాలూకా ఆంధ్ర సరిహద్దుకు ఆనుకుని ఉంటుంది, అక్కడి ఊళ్లలో తెలుగు విరివిగా వినిపిస్తుంది. బెంగళూరు ఐఐఎస్‌సీలోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ 2018 జనవరిలో అక్కడ ‘శాన్స్‌కాగ్’ అనే అధ్యయనం మొదలుపెట్టింది. 45 ఏళ్లు దాటిన 10,000 మంది గ్రామీణులను చేర్చుకుని, ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ పరీక్షించి, ఎవరి మెదడు ఎందుకు త్వరగా వడలుతోందో తెలుసుకోవడం లక్ష్యం. ఆ కేంద్రానికి ఇన్ఫోసిస్ సహ వ్యవస్థాపకుడు క్రిస్ గోపాలకృష్ణన్ కుటుంబానికి చెందిన ప్రతీక్ష ట్రస్టు 225 కోట్ల రూపాయలు ఇచ్చింది.

అంత డబ్బు ఏ సైకిల్ సవాలుకూ రాదు. కానీ పరిశోధన అంతా ఆ స్థాయిలోనే జరగదు. ఒక ఉదాహరణ చూడండి. జ్ఞాపకశక్తి పరీక్షలు చాలావరకు చదువుకున్నవాళ్ల కోసం తయారైనవి. గడియారం బొమ్మ గీయమన్నా, వాక్యం రాయమన్నా పలక పట్టని అవ్వ తప్పుతుంది. ఆమెకు జబ్బు ఉన్నట్టా, బడి లేనట్టా? 2011 జనగణన ప్రకారం తెలంగాణలో అక్షరాస్యత 66.5 శాతమే, వృద్ధ స్త్రీలలో ఇంకా తక్కువ. అందుకే భారత వైద్య పరిశోధన మండలి మన దేశ భాషలకూ, చదువు స్థాయిలకూ తగ్గట్టు ఒక పరీక్షల సంపుటి తయారు చేయించింది. అందులో తెలుగు ఒకటి. ఇలాంటి పరీక్ష చేతిలో ఉన్నా, దాన్ని పట్టుకుని ఇల్లిల్లూ తిరిగే మనిషి కావాలి. ఆ మనిషి జీతం ఒక సవాలుకు అందే ఖర్చే.

మందుల సంగతి వేరు. తుర్కపల్లి చుట్టూ 1999లో మొదలైన జినోమ్ వ్యాలీ పక్కనే ఉండటం వల్ల, పరిశోధన అంటే మాత్ర కనిపెట్టడమేనని ఈ ప్రాంతంలో చాలామందికి అనిపిస్తుంది. ఆ దారి ఎంత కష్టమో హైదరాబాద్ సంస్థ సువెన్ లైఫ్ సైన్సెస్ అనుభవం చెబుతుంది. అల్జీమర్స్‌కు అది తయారు చేసిన మసుపిర్డిన్ అనే మందును 564 మంది రోగుల మీద పరీక్షిస్తే, 2019 నవంబరులో వెలువడిన ఫలితాల్లో అనుకున్న లక్ష్యం నెరవేరలేదు. సంస్థ వదిలేయలేదు. అదే మందును అల్జీమర్స్ రోగుల్లో వచ్చే ఆందోళనకు వాడవచ్చేమో చూసేందుకు మరో దశ పరీక్షలకు వెళ్లింది. అమెరికాలో 2023 జూలైలో పూర్తి అనుమతి పొందిన లెకానెమాబ్ అనే అల్జీమర్స్ మందు సైతం 1,795 మంది మీద 18 నెలల పరీక్షలో జబ్బు ముదిరే వేగాన్ని 27 శాతం తగ్గించింది, ఆపలేదు. అక్కడ దాని జాబితా ధర ఏడాదికి 26,500 డాలర్లు, మన డబ్బులో ఇరవై లక్షలకు పైమాటే. అందుకే మందు కోసం అని చందా అడిగితే మన లక్షలు సముద్రంలో కలిసిపోతాయి. మన జనం గురించిన ప్రశ్నకు అని అడిగితే అవే లక్షలు కంటికి కనిపించే పని చేస్తాయి.

45 శాతం, అందులో సైకిల్ వాటా

సైకిల్ తొక్కితే డిమెన్షియా రాదా? లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ 2024 నివేదిక ప్రకారం, ప్రపంచంలో డిమెన్షియా కేసుల్లో 45 శాతం దాకా 14 కారణాలను సరిదిద్దితే తప్పించవచ్చు లేదా వాయిదా వేయవచ్చు. మధ్య వయసులో వినికిడి లోపానిది 7 శాతం, చెడు కొలెస్టరాల్‌ది 7, చిన్నప్పుడు చదువు అందకపోవడానిది 5, ముసలితనంలో ఒంటరితనానిది 5. కుంగుబాటు, తలకు దెబ్బలు, వాయు కాలుష్యం ఒక్కోటి 3. మధుమేహం, రక్తపోటు, పొగ, వ్యాయామం లేకపోవడం, సరిచేయించుకోని చూపు ఒక్కోటి 2. ఊబకాయం, అతిగా మద్యం ఒక్కోటి 1.

వ్యాయామం లేకపోవడం వాటా 2 శాతమేనన్నది నిజాయతీగా ఒప్పుకోవాలి. కానీ క్రమం తప్పకుండా తొక్కేవారికి కొలెస్టరాల్, చక్కెర, రక్తపోటు, బరువు అదుపులోకి రావడం తేలికవుతుంది. గుంపుగా తొక్కితే ఒంటరితనం తగ్గుతుంది. బ్రిటన్‌లో 4 లక్షల 79 వేల మందికి పైగా వివరాలను పదమూడేళ్ల పాటు గమనించి 2025లో ప్రచురించిన అధ్యయనంలో, రాకపోకలకు సైకిల్ వాడేవారిలో డిమెన్షియా ముప్పు 19 శాతం తక్కువగా కనిపించింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే సైకిల్ ఎక్కుతారు కాబట్టి మొత్తం ఘనత సైకిల్‌కే ఇవ్వలేం. అయినా దిశ మంచిదే.

ఇదే జాబితా రెండు హెచ్చరికలు కూడా చేస్తోంది. తల గాయాల వాటా 3 శాతం కాబట్టి హెల్మెట్ లేనివారిని ఈ సవాలులో ఒక్క కిలోమీటరు కూడా తొక్కనివ్వకూడదు. కాలుష్యం వాటా 3 శాతం కాబట్టి లారీల పొగ మొదలవ్వక ముందే, తెల్లవారుజామునే ముగించుకోవాలి.

300 కిలోమీటర్లు, మూడు దారుల్లో

వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. గంటకు 18 కిలోమీటర్ల తాపీ వేగంతో 150 నిమిషాలు తొక్కితే 45 కిలోమీటర్లు. మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు ఔటర్ రింగ్ రోడ్డు పక్కనున్న సర్వీసు రోడ్డు మీద పోయి వస్తే సుమారు 25 కిలోమీటర్లు. వారంలో రెండుసార్లు చేస్తే ఆ కొలత నిండినట్టే. 158 కిలోమీటర్ల ఔటర్ మీద కార్లు గంటకు 120 కిలోమీటర్ల వేగంతో పోతాయి, దాని మీద సైకిళ్లకు అనుమతి లేదు. కాబట్టి ఎప్పుడూ సర్వీసు రోడ్డే. పైకప్పు మీద సౌర పలకలతో 2023 అక్టోబరు 1న ప్రారంభించిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఔటర్ పడమటి వైపున, నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు దగ్గర ఉంది. ఉత్తరం వైపు అలాంటిది లేనంతవరకు రోడ్డు జాగ్రత్తలే దిక్కు.

మొదటి వారం 50 కిలోమీటర్లతో మొదలుపెట్టి వారానికి పదో వంతు పెంచుకుంటూ పోతే ఎనిమిదో వారానికి 97 కిలోమీటర్లకు చేరతారు. ఆ ఒంటికి ఈ సవాలు దూరం, 300 కిలోమీటర్లు, భయపెట్టే అంకె కాదు. దాన్ని మూడు రకాలుగా పంచవచ్చు.

మొదటిది నెల దారి. నాలుగు ఆదివారాలు, ఒక్కో ఆదివారం 75 కిలోమీటర్లు. శామీర్‌పేట నుంచి రాజీవ్ రహదారి మీద ములుగు, గౌరారం మీదుగా ప్రజ్ఞాపూర్ దాకా వెళ్లి వస్తే దాదాపు అంతే దూరం. కొత్తవాళ్లు మేడ్చల్ నుంచి తూప్రాన్ దాకా వెళ్లి వస్తే సుమారు 45 నుంచి 50 కిలోమీటర్లు. మిగిలింది వారం మధ్యలో తొక్కవచ్చు.

రెండోది రెండు రోజుల దారి. శామీర్‌పేట నుంచి సిద్దిపేట సుమారు 75 కిలోమీటర్లు. శనివారం ఒకసారి, ఆదివారం ఒకసారి పోయి వస్తే 300. ఏడాది అనుభవం ఉన్నవాళ్లకే ఇది తగినది.

మూడోది ఒక్క ఊపు దారి. హైదరాబాద్ రాండనూర్స్ నిర్వహించే సుదూర సైకిల్ యాత్రల్లో 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40 గంటల గడువు ఉంటుంది. 300 కిలోమీటర్ల యాత్రలో చేరేవాళ్లు అదే యాత్రను దాతల పేరున తొక్కవచ్చు. నియమాలు, సమయాలు అన్నీ సిద్ధంగా ఉంటాయి.

ప్రపంచ అల్జీమర్స్ దినం సెప్టెంబరు 21. అప్పటికి వానలు పోవు, గుంతలు నీళ్ల కింద దాక్కుని ఉంటాయి. కాబట్టి ఆ రోజు సవాలు ప్రకటించి, దాతల పేర్లు రాసుకోవడం మొదలుపెట్టి, ఎనిమిది వారాల సాధన చేసి, నవంబరు మధ్యలో తొక్కడం మేలు. ఎండా వానా లేని కాలం అది, దక్కను పీఠభూమి ఎత్తుపల్లాలు కూడా అప్పుడు ఇబ్బంది పెట్టవు.

36 మందితో మొదలై

మొదటి ఏడాది పాతికో ముప్పయ్యో మంది వస్తే చిన్నబుచ్చుకోనక్కర్లేదు. అమెరికాలో క్యాన్సర్ పరిశోధన కోసం బిల్లీ స్టార్ అనే యువకుడు 1980లో మొదలుపెట్టిన పాన్-మాస్ చాలెంజ్‌లో మొదటి ఏడాది తొక్కినవాళ్లు 36 మంది, పోగైంది 10,200 డాలర్లు. 2024 నాటికి మొత్తం 100 కోట్ల డాలర్లు దాటింది. డబ్బంతా బోస్టన్‌లోని డానా-ఫార్బర్ క్యాన్సర్ సంస్థకు వెళ్తుంది. రైడర్లు సేకరించిన ప్రతి డాలరూ అక్కడికే. నిర్వహణ ఖర్చులు ప్రవేశ రుసుము, ప్రాయోజకుల డబ్బుతో నడుస్తాయి. నలభై ఏళ్లుగా దాతలు మళ్లీ మళ్లీ ఇవ్వడం వెనక ఉన్నది ఆ స్పష్టతే.

డిమెన్షియాకే సంబంధించిన మరో యాత్ర 2010లో జరిగింది. అమెరికాలో అల్జీమర్స్ మీద పనిచేసే శాస్త్రవేత్తలే సైకిళ్లెక్కి శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వాషింగ్టన్ దాకా రిలే పద్ధతిలో 4,500 మైళ్లు తొక్కారు. 66 రోజుల యాత్ర సెప్టెంబరు 21న ముగిసింది. పరిశోధనకు నిధులు పెంచమని వాళ్లు దారి పొడవునా సంతకాలు సేకరించారు. 2011 జనవరిలో జాతీయ అల్జీమర్స్ చట్టం వచ్చింది. ఆ ఏడాది 44.8 కోట్ల డాలర్లున్న అక్కడి ప్రభుత్వ పరిశోధన నిధులు తర్వాతి ఏళ్లలో దాదాపు 380 కోట్ల డాలర్లకు చేరాయి. ఎన్నో సంఘాలు, కుటుంబాలు ఏళ్లపాటు అడిగితే వచ్చిన మార్పు అది. ఆ అడిగినవాళ్లలో సైకిల్ ఎక్కిన శాస్త్రవేత్తలూ ఉన్నారు.

ఏడున్నర లక్షలతో ఏం జరుగుతుంది

ఇప్పుడు మన లెక్క. 30 మంది రైడర్లు, ఒక్కొక్కరికి 25 మంది దాతలు, ఒక్కో దాత వెయ్యి రూపాయలు అనుకుందాం. మొత్తం 7,50,000 రూపాయలు. వెయ్యి ఎక్కువ అనిపించేవారికి కిలోమీటరు లెక్క బాగుంటుంది: కిలోమీటరుకు రెండు రూపాయలైతే 300 కిలోమీటర్లకు 600, ఐదు రూపాయలైతే 1,500. అపార్ట్‌మెంట్‌లో పక్కింటివాళ్లు, ఆఫీసులో తోటివాళ్లు, పెళ్లిలో కలిసిన బంధువులు ఇంతకు కాదనరు.

ఈ డబ్బు ఏమవుతుంది? 2023 జనవరి నుంచి కేంద్రం ఇస్తున్న జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు, ఏడాదికి 4,44,000. ఇంటి అద్దె భత్యం అదనం. అంటే 30 మంది ఒక నెల తొక్కితే, ఒక యువ పరిశోధకురాలు ఏడాది పాటు ఊళ్లు తిరిగి వృద్ధులను పరీక్షించగలదు. భత్యానికీ, ప్రయాణాలకూ 3,06,000 రూపాయలు మిగులుతాయి.

సవాలును ఐదేళ్లు నడిపితే ఇంకా బాగుంటుంది. మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత మూడేళ్లు సీనియర్ ఫెలోగా 42,000 చొప్పున ఐదేళ్ల ఫెలోషిప్ సరిగ్గా 24 లక్షలు. ఐదేళ్ల సేకరణ 37 లక్షల 50 వేలు. మిగిలిన పదమూడున్నర లక్షలు భత్యానికి, రక్తపరీక్షలకు, వాహనానికి. ఒక పీహెచ్‌డీ పూర్తవుతుంది. అంతకంటే ముఖ్యం, ఒకే మనుషులను ఐదేళ్లు వరుసగా చూసిన సమాచారం చేతికొస్తుంది. మతిమరుపు మొదలవ్వక ముందు ఏం మారిందో చెప్పేది అలాంటి సమాచారమే. ఒక్క ఏడాది పెద్ద హడావిడి చేసి ఆగిపోయిన యాత్ర కంటే చిన్నగా ఐదేళ్లు నడిచిన యాత్ర ఈ రంగానికి ఎన్నో రెట్లు మేలు.

ఇక్కడ ఒక తేడా స్పష్టంగా చెప్పాలి. 1992లో కేరళలో మొదలై దేశమంతా విస్తరించిన అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా (ఏఆర్‌డీఎస్ఐ) లాంటి సంఘాలు ప్రధానంగా రోగుల సంరక్షణ, కుటుంబాలకు సాయం, అవగాహన పనులు చేస్తాయి. హైదరాబాద్‌లోనూ దానికి శాఖ ఉంది. ఆ పని అత్యవసరం, దానికీ డబ్బు కావాలి. కానీ పరిశోధనకు అని అడిగిన రూపాయి పరిశోధనకే పోవాలి, సంరక్షణకు అని అడిగింది సంరక్షణకే. రెండింటికీ సేకరిస్తుంటే ఏది ఎంతో ముందే ప్రకటించాలి.

రసీదు, 2,000, 50,000

మంచి మనసుతో మొదలైన సేకరణలు చాలావరకు డబ్బు దారి దగ్గర చెడతాయి. అలా చెడకుండా ఉండటానికి మూడు నియమాలు చాలు.

ఒకటి, డబ్బు రైడర్ సొంత ఫోన్ నంబరుకు రాకూడదు. బంధువులు కానివారి నుంచి ఏడాదిలో 50,000 రూపాయలు మించి ఒకరి ఖాతాలో పడితే అది ఆదాయంగా లెక్కకు వచ్చి పన్ను పడవచ్చు. పైగా దాతకు పన్ను మినహాయింపు పోతుంది. దాత నేరుగా సంస్థ ఖాతాకే పంపాలి, రైడర్ పేరు వివరాల్లో రాస్తే చాలు.

రెండు, 80జీగా అందరికీ తెలిసిన మినహాయింపు కావాలంటే సంస్థకు ఆ నమోదు ఉండాలి, నగదు 2,000 రూపాయలు దాటకూడదు, పాత పన్ను విధానంలో ఉన్నవారికే అది వర్తిస్తుంది. 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల సంఖ్యలు మారాయి కాబట్టి సంస్థ ఇచ్చే ధ్రువపత్రం చూసుకోవాలి.

మూడు, అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉన్న మేనల్లుడు ఇస్తానంటే అతని పాస్‌పోర్టు అడగాలి. భారత పౌరుడిగా ఉండి బ్యాంకు ద్వారా సొంత సంపాదన పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాడైతే, ఓసీఐ కార్డు ఉన్నా విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు ఉన్న సంస్థే, ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతా ద్వారానే దాన్ని తీసుకోగలదు. తెలుగువాళ్లు ప్రపంచమంతా ఉన్నారు కాబట్టి ఈ ఒక్క నియమం తెలియక ఆగిపోయే డబ్బు తక్కువేమీ కాదు.

ముందుగా రాసుకోవలసిన వాక్యం

టీషర్టు రంగు, పతకం నమూనా ఎంచుకోక ముందే నిర్వాహకులు ఒక పరిశోధన సంస్థ దగ్గరికి వెళ్లి ఒక వాక్యం రాయించుకోవాలి. ఏ ప్రశ్న, ఎంతమంది మీద, ఎన్నేళ్లు, ఏటా ఎంత డబ్బు అన్నవి ఆ వాక్యంలో ఉండాలి. ఉదాహరణకు: మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఊళ్లలో తెలుగు, ఉర్దూ, హిందీల్లో రెండు భాషలు రోజూ మాట్లాడే వృద్ధుల జ్ఞాపకశక్తి, ఒకే భాష మాట్లాడేవారి కంటే నెమ్మదిగా తగ్గుతోందా? నిమ్స్ క్లినిక్‌లో మొదలైన ప్రశ్నకు ఊళ్ల నుంచి జవాబు వెతకడం ఇది. సంస్థ ‘ఈ డబ్బు ఈ పనికే వాడతాం, ఏటా ఇంత జరిగిందని రాసి పంపుతాం’ అని రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే ముందుకు వెళ్లాలి. ఒప్పుకోకపోతే ఇంకో సంస్థను అడగాలి.

ఆ వాక్యం ఉంటే రైడర్‌కు ఫోన్‌లో ఏం చెప్పాలో తెలుస్తుంది, దాతకు దేనికి ఇస్తున్నాడో తెలుస్తుంది, ఏడాది తర్వాత మళ్లీ అడిగే హక్కు వస్తుంది. అది లేకుండా వెయ్యి కిలోమీటర్లు తొక్కినా, వచ్చే ఏడాది ఎవరూ ఫోన్ ఎత్తరు.

వెయ్యికి 74 అన్న సంఖ్య 4,096 మంది పెద్దవాళ్లు గంటల తరబడి ప్రశ్నలకు జవాబులు చెబితే వచ్చింది. నాలుగున్నరేళ్లన్న సంఖ్య 648 కుటుంబాలు తమ వివరాలు పంచుకుంటే వచ్చింది. వాళ్లు తమ వంతు ఇచ్చారు. కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లూ, జేబులో నూరో వెయ్యో ఉన్నవాళ్లూ ఇవ్వాల్సిన వంతు మిగిలి ఉంది. సెప్టెంబరు 21కి ముందు ఆ వాక్యం రాయించుకుంటే, నవంబరులో సైకిళ్లు బయల్దేరవచ్చు.